కుంపటి సిస్టర్ కడుపుమంట

వానాకాలంలో ఆ ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి తీగ అక్కర్లేదు. పొద్దున్నే వంటగదిలో పాలు కాస్తున్న కోడలి వీపు మీద అత్తగారు తడి తువ్వాలు కప్పేది. అది ఆరేలోగా పీట లాక్కుని, నొప్పుల మోకాళ్ళు రెండూ కోడలి వైపు తిప్పుకుని కూర్చునేది. తువ్వాలులోంచి ఆవిరి లేచి కిటికీలోంచి మెల్లగా బయటికి పోయేది. మొగుడు దర్జీ. ముందు గదిలోనే అతని కుట్టుమిషను. కరెంటు లేని పూట ఎవరైనా బట్టలకోసం వచ్చి నిలబడితే, చొక్కా కాలరు పట్టుకుని వంటగదిలోకి వచ్చి, "ఒక్కసారి అరచెయ్యి ఆన్చవే, అతను గుమ్మంలో నిలబడ్డాడు" అనేవాడు. ఆమె విసుక్కుంటూనే ఆన్చేది. ఇస్త్రీపెట్టె పెట్టినట్టు మడత నిలబడేది.

ఒంటి వేడి రోజూ ఒక్కలా ఉండేది కాదు. తువ్వాలు కప్పేటప్పుడు వేళ్ళు చురుక్కుమంటే అత్తగారు అడిగేది: "ఇవాళ ఎవరు మానేశారే?"

"ఎక్స్‌రే అబ్బాయి. సొంతంగా ఫొటో స్టూడియో పెట్టుకుంటాడట."

"అదృష్టవంతుడు. ఎంచక్కా ఏసీ గదిలో కూర్చుంటాడు," అనేది అత్తగారు, తువ్వాలు ఇంకాస్త తొందరగా ఆరుతుందని.

ఆమె పెద్ద ఆసుపత్రిలో నర్సు. పసిపిల్లల వార్డు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, పుట్టగానే ఏడవనివాళ్ళు, అరచేతిలో పట్టేంత ఉన్నవాళ్ళు అందరూ అక్కడికే వస్తారు. ఆసుపత్రిలో ఆమెని కుంపటి సిస్టర్ అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి డ్యూటీ చార్టులో కూడా అదే రాశారు.

చేరిన కొత్తలో ఆమె ఒళ్ళు అందరిలాగే ఉండేది. పనే ఆమెని తినేసింది. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని చూసుకోవాల్సిన మనిషికి వరసలో ఉన్న తొట్లన్నీ అప్పగించేవారు. నీళ్ళు తాగితే బాత్రూముకి పోవాలి, పోతే ఇక్కడ చూసేవాళ్ళు ఉండరని నీళ్ళు తాగడం తగ్గించింది. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టక, ఒక సైజు పెద్దవి కొనుక్కుంది. దిగే వేళకి తర్వాతి సిస్టరు రాకపోతే ఆ షిఫ్టూ ఆమెదే. తలుపు అవతల బంధువులు అరుస్తారు, ఇవతల డాక్టర్లు అరుస్తారు, మధ్యలో మిషన్లు కూస్తాయి. ఇంటికొచ్చాక కుక్కరు విజిలేస్తే ఏ బిడ్డకి ఊపిరాగిందో అని ఉలిక్కిపడి లేచేది.

ఎప్పుడెప్పుడు మానేద్దామా అని అక్కడ అందరికీ ఉండేది. టీ తాగేటప్పుడు వాళ్ళు మాట్లాడుకునేది అదొక్కటే. ఆమె చేరిన ఏడాదికి ఒక సిస్టరు నిజంగానే మానేసింది. పోతూ పోతూ అందరికీ మిఠాయి పంచింది. ఆ మిఠాయి గొంతు దిగగానే ఈమె కడుపులో ఏదో రాజుకుంది. లోకంలో జనం కడుపుమంట అని మాటవరసకి అంటారు. ఈమెది మాటవరస కాదు. ఆ సాయంత్రం జేబులో ఉన్న చాక్లెట్టు కరిగి యూనిఫారానికి అంటుకుంది.

అదే వారం వార్డులో ఒక వార్మరు పాడైంది. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే మిషను అది. లోపలి బిడ్డ నీలంగా మారిపోతుంటే ఆయా ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, బిడ్డని తెచ్చి తిన్నగా ఈమె పొట్టకి ఆన్చి, పైన దుప్పటి కప్పింది. అరగంటలో బిడ్డ గులాబీ రంగుకి తిరిగింది. మర్నాడు రౌండ్లకి వచ్చిన డాక్టరుగారు బిడ్డని చూసి, ఆమె చెయ్యి ముట్టుకుని చూసి, కేస్ షీట్లో మందుల కింద 'కుంపటి సిస్టర్, పూటకి రెండు గంటలు' అని రాసి పక్క తొట్టి దగ్గరికి వెళ్ళిపోయారు.

ఇంక ఆ మిషను బాగుచేయించిన వాళ్ళు లేరు, కొత్తది కొన్న వాళ్ళూ లేరు.

బిడ్డల్ని ఇంటికి తీసుకెళ్ళే తల్లులు ఆమె చేతులు పట్టుకుని, "నీ కడుపు చల్లగుండ తల్లీ!" అని దీవించేవారు. పక్కనుంటే మేట్రన్ హడలిపోయేది. "ఇంకేమన్నా దీవించండమ్మా. అది మాత్రం వద్దు," అనేది.

మేట్రన్‌ది తెల్లజుట్టు ముడి, బిగుతు పెదవులు, ఇస్త్రీ నలగని చీర. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరిన మనిషి. వార్డులో పిల్లలు ఎక్కువైన పొద్దుల్లో ఆవిడే పనిగట్టుకుని వచ్చి, కుంపటి సిస్టర్ చెవి దగ్గర వంగి కబుర్లు చెప్పేది.

"విన్నావా, లిఫ్టు దగ్గరుండే అతను మానేశాడు. బావమరిది పళ్ళతోటలో కాపలాట. పని ఏముంది, చెట్టుకింద మంచం."

అంతే. ఒళ్ళో ఉన్న బిడ్డ వెచ్చగా ఒళ్ళు విరుచుకునేది.

తను మేట్రన్ చేతిలో కీలుబొమ్మనని ఆమెకి తెలియక కాదు. తెలిసినా కడుపు మండడం ఆగేది కాదు. రెండుసార్లు రాజీనామా కాగితం పట్టుకెళ్ళింది. రెండుసార్లూ మేట్రన్ దాన్ని విప్పి కూడా చూడలేదు. "నువ్వు పోతే ఆ పిల్లల్ని ఏం చెయ్యమంటావు, నా ఒళ్ళో పెట్టుకోనా?" అని తిప్పి పంపేసింది.

ఆ ఆసుపత్రిలో ఆమెకి ఒకే ఒక స్నేహితురాలు ఉండేది. కాన్పుల వార్డులో నర్సు. అన్నం తిన్నా, మెట్లెక్కినా, మాట్లాడినా నిదానమే కాబట్టి ఆమెకి నెమ్మది అని పేరు పడింది. మధ్యాహ్నం ఏ కాస్త సందు దొరికినా ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని టీ తాగేవారు. చలికాలమైతే నెమ్మది తన చల్లటి చేతులు తెచ్చి స్నేహితురాలి చేతుల్లో పెట్టుకునేది. మానేసి పోతే ఇద్దరం ఒకే రోజు పోదామని అనుకున్నారు. మిఠాయి పంచకూడదనీ, ఒక్కరి మొహం కూడా చూడకుండా ముందు గేటులోంచి పోవాలనీ ఒట్టు వేసుకున్నారు.

ఒకరోజు పొద్దున్న వార్డులోకి మేట్రన్ నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు చూడగానే కుంపటి సిస్టర్‌కి అనుమానమేసి ఒళ్ళో ఉన్న బిడ్డ మీద దుప్పటి సర్దింది.

"మీ నెమ్మదికి బడిలో నర్సు ఉద్యోగం వచ్చిందటగా. ఈ నెలాఖరుకి పోతోంది. నీకు చెప్పే ఉంటుందిలే."

ఒళ్ళో ఉన్న బిడ్డ కెవ్వుమంది. ఆయా పరిగెత్తుకొచ్చి బిడ్డని లాక్కుంది. పొట్ట దగ్గర దుప్పటి గోధుమరంగుకి తిరిగి ఉంది.

మధ్యాహ్నం వెనక మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఎప్పుడు రాశావే దరఖాస్తు?"

"వేసవిలో."

"వేసవంతా నా పక్కనే కూర్చుని టీ తాగావు కదే!"

"తాగుతూనే రాశాను," అంది నెమ్మది, తల వంచుకుని.

"ఇద్దరం కలిసి పోదామన్నావు."

"అన్నాను. అక్కడ ఒక్క కుర్చీయే ఉందే."

"అన్నిటికీ ఆఖరున వచ్చేదానివి, పోవడానికి మాత్రం అందరికంటే ముందు తయారయ్యావా?" కుంపటి సిస్టర్ చేతిలో గ్లాసులో టీ మళ్ళీ తెర్లింది. "ఎందుకు చెప్పలేదు నాకు? నేనేమన్నా అడ్డం పడేదాన్నా?"

"చెప్పే సంగతి కాదులే," అని నెమ్మది లేచి, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

వెళ్ళే రోజున నెమ్మది మిఠాయి పంచలేదు. అదైనా పంచి ఉంటే తిట్టుకోవడానికి ఒక వంక దొరికేది.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. నెమ్మది స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. ఆ పని పదిమందికి పంచితే ఇంకో ఇద్దరు తట్టుకోలేక మానేశారు, వాళ్ళ పని మళ్ళీ మిగిలినవాళ్ళ నెత్తినే పడింది. కొత్తగా చేరిన చిన్న సిస్టరు దుప్పట్ల గదిలో తలుపేసుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేది. కుంపటి సిస్టర్‌కి ఏడుపు కూడా రాలేదు, కంట్లో నీళ్ళు కంట్లోనే ఇగిరిపోయేవి. బొత్తిగా చిన్నపిల్లల్ని ఆమెకి నేరుగా ఇవ్వడం మానేశారు, మధ్యలో రెండు మడతల దుప్పటి పెట్టి ఇచ్చేవారు. ఆఖరికి డిశ్చార్జి అయ్యే పిల్లల మీద కూడా ఆమెకి కుళ్ళు పుట్టింది. ఊపిరి పీల్చడం నేర్చుకోగానే పోతున్నారు వెధవలు, నేను మాత్రం ఇక్కడే అనుకునేది.

ఒక సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే ఇంటికి పోయే అదృష్టం దొరికింది ఆమెకి. వీధి మలుపులో పళ్ళబండి దగ్గర నెమ్మది కనిపించింది. కాస్త ఒళ్ళు చేసింది. వదులు బట్టలు, నెత్తిన రంగుల గొడుగు. ఒక్కొక్క పండూ తీసి వాసన చూసి, మళ్ళీ పెట్టి, ఇంకోటి తీస్తోంది. పళ్ళు ఏరుకోవడానికి ఒక మనిషికి అంత తీరిక ఉండొచ్చని కుంపటి సిస్టర్ ఎన్నడూ అనుకోలేదు. నెమ్మది ఈమెని చూసి చెయ్యెత్తబోయింది. ఈమె మొహం తిప్పుకుని రోడ్డు దాటేసింది.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తగారు కుర్చీ వెనక్కి లాక్కుంది. "అమ్మో, ఇదేం సెగే! ఎవరు మానేశారు?"

"ఎప్పుడో మానేసినదాన్ని చూశాను అత్తయ్యా."

ఆ రోజు మొగుడు పక్కబట్టలు తీసుకుని బాల్కనీలోకి పోయాడు.

మరి కొన్నాళ్ళకి, మధ్యాహ్నం పూట, స్ట్రెచర్ మీద నెమ్మదిని తీసుకొచ్చారు. నెలలు నిండలేదు. రక్తం పోతోంది. అప్పటికప్పుడు ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. కిలో కూడా లేదు. డాక్టరుగారు ఆ పిల్లని గుడ్డలో చుట్టి తనే పసిపిల్లల వార్డుకి పట్టుకొచ్చారు. ఉన్న వార్మర్లన్నిటిలోనూ పిల్లలున్నారు, ఎవరినీ తీసే పరిస్థితి లేదు.

"సిస్టర్," అన్నారు డాక్టరుగారు, బిడ్డని ఆమె వైపు చాచి.

కుంపటి సిస్టర్ కుర్చీలో వెనక్కి వాలి బిడ్డని తీసుకుంది. ఎవరి బిడ్డో చెప్పక్కర్లేదు, ఆ ముక్కు నెమ్మదిదే. ఇదన్నమాట, అనుకుంది ఆమె. బడీ దొరికింది, తీరికా దొరికింది, ఒళ్ళోకి పిల్ల కూడానా! ఆ ఊహతోటే సెగ ఎగసింది. రెండు మడతల దుప్పటి మీంచే బిడ్డ ఒళ్ళు వెచ్చబడింది. మునివేళ్ళలో నీలం పోయింది. "ఏడుపుగొట్టుదానా, మీ అమ్మలాగే నిదానంగా ఊపిరి తీస్తావేం?" అని కసిరింది. బిడ్డ చిన్నగా తుమ్మింది.

సాయంత్రం నెమ్మది వాళ్ళమ్మ వార్డు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రానివ్వరు కాబట్టి గుమ్మంలోంచే మాట్లాడింది.

"బతుకుతుందామ్మా? ఇది మూడోది. ముందువి రెండూ ఇక్కడే పోయాయి."

"ఇక్కడా? ఎప్పుడు?"

"డ్యూటీలోనే తల్లీ. మంచాలు తోస్తూ, మనుషుల్ని ఎత్తుతూ, రెండేసి షిఫ్టులు నిలబడీ. మొదటిసారి నాకు కూడా చెప్పలేదు. మర్నాడు మళ్ళీ డ్యూటీకి వచ్చేసింది. అప్పట్నుంచే కదూ అడుగు తీసి అడుగు వెయ్యడానికి భయపడేది. మీరంతా నెమ్మది, నెమ్మది అంటుంటే నవ్వి ఊరుకునేదిట."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. కుంపటి సిస్టర్‌కి వెనక మెట్లు, రెయిలింగు పట్టుకుని దిగిన చెయ్యి, తను అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు ఇగరకుండా నిలిచాయి. చెంప మీదికి జారాయి. బిడ్డ మీద పడ్డ చుక్క చల్లగా ఉంది.

ఆమె గతుక్కుమంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. సెగ తగ్గుతోంది. మధ్యలో ఉన్న దుప్పటి తీసి పారేసి బిడ్డని ఒంటికి ఆన్చుకుంది. కాసేపు సరిపోయింది. మళ్ళీ మునివేళ్ళు నీలంగా కనపడ్డాయి. ఎక్స్‌రే అబ్బాయి ఏసీ గదిని తలుచుకుంది. లిఫ్టు మనిషి చెట్టుకింద మంచాన్ని తలుచుకుంది. లాభం లేకపోయింది. ఆమె లేచి, బిడ్డని రొమ్ముకి అదుముకుని, నడవాలో పరుగులాంటి నడకతో నెమ్మది మంచం దగ్గరికి పోయింది.

నెమ్మది మొహం పాలిపోయి ఉంది. చేతికి రక్తం ఎక్కుతోంది.

"ఎందుకు చెప్పలేదే నాకు?"

నెమ్మది ఆమెని చూసింది, బిడ్డని చూసింది. "మా అమ్మ చెప్పిందా?" అని కూడా అడగలేదు. "చెబితే నీకు జాలేసేది. జాలేస్తే చల్లారిపోతావు. ఆ రోజుల్లో నీ ఒళ్ళో ఇద్దరు పిల్లలున్నారు," అంది.

"ఇప్పుడు వేస్తోందే జాలి. ఏం చెయ్యను? చూడు, దీని వేళ్ళు చూడు!"

నెమ్మది చెయ్యి చాచి బిడ్డ పాదం ముట్టుకుంది. తన చెయ్యి అంతకంటే చల్లగా ఉందని తెలిసి వెంటనే తీసేసుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. తెరిచినప్పుడు మాట్లాడింది తల్లి కాదు, నర్సు.

"జాలి పడకు. కూర్చో. విను. బడిలో నాకో గది ఉంది. నాకొక్కదానికే. కిటికీకి కర్టెను కూడా ఉంది."

"ఊఁ."

"కుర్చీ ఉంది. చేతులున్న కుర్చీ. దాని మీద దిండు. పొద్దున్న కూర్చుంటే ఒక్కోసారి మధ్యాహ్నందాకా లేచే పనే ఉండదు."

"మధ్యాహ్నందాకానా?" అంది కుంపటి సిస్టర్.

"మంచినీళ్ళు సీసా పక్కనే ఉంటుంది. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తాగుతాను. బాత్రూము పక్క గదే."

కుంపటి సిస్టర్ పళ్ళు బిగించింది. బిడ్డ మునివేళ్ళు తెల్లబడి, మెల్లగా ఎర్రబడ్డాయి.

ఆ రోజు నుంచి రోజూ అదే మందు. ఆమె ఇంటి మొహం చూడలేదు. మొగుడు టిఫిన్ బాక్సు గేటు దగ్గర ఇచ్చి పోయేవాడు. నెమ్మది మంచం పక్కనే కుర్చీ వేసుకుని, బిడ్డని పొట్టమీద పడుకోబెట్టుకుని, వింటూ కూర్చునేది. నెమ్మది నిదానంగా, ఒక్కొక్క ముక్కా ఊరిస్తూ చెప్పేది. మోకాలు గీరుకుని వచ్చే పిల్లలకి మందు రాసి ఊదితే చాలట. పెద్దపంతులమ్మ రోజూ టీ పంపిస్తుందట, బిస్కెట్లతో. ఎవరూ అరవరట. వేసవిలో బడి మూసేస్తే జీతం మాత్రం మూసెయ్యరట.

"ఆపవే, నావల్ల కాదు," అనేది కుంపటి సిస్టర్ కడుపు పట్టుకుని.

"ఇంకా ఉంది. వాన పడితే సెలవిచ్చేస్తారు."

"అబద్ధం!"

"ఆ రోజు మేమంతా వరండాలో కూర్చుని పాటలు పాడుకుంటాం."

అబద్ధమని తెలుస్తూనే ఉండేది. తెలిసినా మండేది. బిడ్డ కునుకు తీసేది, పాలు తాగేది, గ్రాము గ్రాము పెరిగేది. మేట్రన్ అప్పుడప్పుడూ వచ్చి తలుపు దగ్గర నిలబడి వినేది. తను చెప్పే కబుర్లకంటే ఇవే బాగా పనిచేస్తున్నాయని ఆవిడకి అర్థమైంది. అందుకని ఏమీ అనేది కాదు. నిలబడి పూర్తిగా విని వెళ్ళేది.

కానీ ఎంత మంటైనా ఎన్నాళ్ళు మండుతుంది? వినగా వినగా కుంపటి సిస్టర్‌కి ఆ బడి తను రోజూ వెళ్ళొచ్చే చోటులా అనిపించసాగింది. ఆ కుర్చీలో నెమ్మది కూర్చుందని తలుచుకుంటే కడుపు రగలడం లేదు. పాపం, బాగానే కూర్చుందిలే అనిపిస్తోంది. ఒక మధ్యాహ్నం నెమ్మది చెబుతూ చెబుతూ ఉంటే ఆమె హాయిగా నవ్వేసింది. నవ్వుతూనే కిందికి చూసి ఆగిపోయింది. బిడ్డ పెదవులు నల్లబడుతున్నాయి.

"నెమ్మదీ, అయిపోయిందే. నాలో ఏమీ లేదు. ఏదన్నా చెప్పు, తిట్టు, ఏదో ఒకటి చెయ్యి!"

నెమ్మది చెప్పలేదు. కొన్ని రోజులుగానే ఆమె చెప్పడం తగ్గించింది. కళ్ళార్పకుండా వాళ్ళిద్దర్నీ చూస్తూ ఉండేది. బిడ్డ గుప్పిట్లో కుంపటి సిస్టర్ గొలుసు ఉంది.

"ఇటివ్వు," అంది.

"నీ చేతులు మంచుగడ్డల్లా ఉంటాయి కదే, ఎలా..."

"ఇటివ్వమంటున్నానా!" నెమ్మది ఎన్నడూ అంత గట్టిగా మాట్లాడలేదు. పక్క మంచాల వాళ్ళు తలలెత్తి చూశారు. "ఎన్నాళ్ళు పెట్టుకుంటావు నా పిల్లని? అది తుమ్మింది నువ్వే చూశావు. ఆవలించింది నువ్వే చూశావు. నేను ఎత్తుకుంటే ఏడుస్తుంది, నీ వాసన తగిలితే నోరు మూసుకుంటుంది. కన్నది నేను! కూర్చుని కథలు చెప్పడానికా కన్నాను?"

చెయ్యి చాచి గొలుసు మీంచి ఆ చిన్న గుప్పిట తనే విడదీసింది. ఆ వేళ్ళు తగిలిన చోట కుంపటి సిస్టర్ మెడ చురుక్కుమంది.

ఆమె బిడ్డని నెమ్మది పొట్టమీద పెట్టి, దుప్పటి కప్పి, పైన చెయ్యి ఆన్చింది. దుప్పటి మీంచే సెగ కొడుతోంది. బిడ్డ కాసేపు గింజుకుంది. తర్వాత మూతి సాగదీసి, అమ్మ గుండెల మీద చెంప పెట్టి పడుకుంది. నెమ్మది ఇంకా ఒగరుస్తూనే, "దీన్ని ఇంక ముట్టుకోకు," అంది.

"ముట్టుకోనులే," అంది కుంపటి సిస్టర్. చేతులు ఖాళీ అయ్యాక చలేసింది. వార్డులో అంత చలి ఉంటుందని ఆమెకి అన్నాళ్ళూ తెలియదు.

బిడ్డ ఇంటికి పోయే వేళకి నెమ్మది ఒళ్ళు మామూలైంది. ఒళ్ళో పిల్లని పెట్టుకున్నాక ఇంక ఎవర్ని చూసి మండాలి? గేటు దగ్గర ఆటో ఎక్కుతూ, "నేను బడికి పోవట్లేదే. దీన్ని వదిలి ఎక్కడికీ పోను. పెద్దపంతులమ్మకి నీ సంగతి చెప్పాను. వెళ్ళి కూర్చో," అంది.

"నువ్వు చెప్పినవి అన్నీ అబద్ధాలేనా?"

"సగం."

"ఏ సగం?"

నెమ్మది ఆలోచించింది. "కుర్చీ నిజం," అంది.

పసిపిల్లల వార్డులో మాత్రం ఇబ్బంది మొదలైంది. మేట్రన్ వచ్చి మందులషాపు అతను మానేస్తున్నాడని చెప్పింది. కుంపటి సిస్టర్ "మంచిదేగా మేడమ్, పాపం నడుంనొప్పి మనిషి," అంది. ఇద్దరు సిస్టర్లు ఒకేసారి పోతున్నారని చెప్పింది. "సుఖపడనివ్వండి," అంది. ఆయా తెచ్చి ఆన్చిన బిడ్డ ఏడుపు అందుకుంటే వెనక్కి తీసుకుపోయింది. ఇంట్లో అత్తగారు మోకాళ్ళకి వేడినీళ్ళ సంచి కొనిపించుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె కాగితం పట్టుకుని మేట్రన్ గదికి వెళ్ళింది. మేట్రన్ ఈసారి కాగితం అందుకునే నెపంతో ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. అందరి చేతుల్లాగే ఉంది, కాస్త చల్లగా. ఇంక ఆపడానికి ఏమీ లేదు.

"ఎక్కడికి?"

"బడికి మేడమ్. నెమ్మది చోటులో."

"ఆ కర్టెను ఉన్న గదికా?"

"కర్టెను ఉందో లేదో తెలియదు మేడమ్."

"ఎన్నింటికి వదుల్తారు?"

"మూడింటికట."

మేట్రన్ కలం మూత తీసింది. సంతకం పెట్టకుండా కాసేపు కిటికీ వైపు చూసింది. "మూడింటికి ఎండ ఎలా ఉంటుందో," అంది. "నేను చేరిన కొత్తలో నాకూ ఒక బడిలో రమ్మన్నారు. అప్పటి మేట్రన్ వదల్లేదు. తర్వాత నేనే మేట్రన్ అయ్యాను. నన్ను వదలమని ఎవర్ని అడగాలో తెలియలేదు."

"ఇప్పుడు అడగండి మేడమ్."

"ఇప్పుడు ఎవరిస్తారు నాకు కుర్చీ?"

ఆవిడ సంతకం పెట్టింది. సిరా ఇంకా తడిగానే ఉంది. చెదరకుండా అద్దుడు కాగితం కోసం వెతుకుతూ ఎడమ అరచెయ్యి కాగితం అంచున ఆన్చింది. చుయ్‌మని చిన్న చప్పుడైంది. సిరా ఆరిపోయింది. అంచు గోధుమరంగుకి తిరిగి పైకి ముడుచుకుంది.

ఇద్దరూ ఆ కాగితాన్ని చూశారు. మేట్రన్ దాన్ని మడత విప్పి సాపు చేసి ఆమె చేతికిచ్చింది. "వెళ్ళిరా. వెనక్కి చూడకుండా వెళ్ళు," అంది.

ఆమె వెళ్ళాక మేట్రన్ చేతి గడియారం తీసి సొరుగులో పెట్టింది. గాజులు తీసింది. చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంటే ఆ నీళ్ళు పొగలు కక్కాయి. నడవాలో నడిచి పసిపిల్లల వార్డుకి వెళ్ళి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆయా ఒక్కసారి ఆవిడ మొహం చూసింది. అందరిలోకీ చిన్న బిడ్డని తెచ్చి ఆవిడ పొట్టకి ఆన్చి దుప్పటి కప్పింది. ఎన్నో ఏళ్ళుగా పసిబిడ్డని ఎత్తుకోని మనిషి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు తడబడింది. బిడ్డ మూలిగి, ఒళ్ళు విరుచుకుని, గులాబీ రంగుకి తిరిగింది.

"ఈ కుర్చీ కాస్త కిటికీ వైపు తిప్పు," అంది మేట్రన్ ఆయాతో, బిడ్డ మీంచి కళ్ళు తీయకుండా. "గేటు దాటి పోయేవాళ్ళు కనపడాలి."